తొమ్మిదిన్నర లక్షల కారుకు యాభై లక్షల కారు బిల్లు

మా ఊరి పేరు మీలో చాలామందికి గ్రూప్స్ బిట్‌గానే తెలిసి ఉంటుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు దళం వరసగా దాడి చేసిన మూడు పోలీస్ స్టేషన్లు. నాది ఆ రెండోది. నర్సీపట్నం దాటి లోపలికి రావాలి. అల్లూరి సమాధి ఇక్కడే ఉంది కాబట్టి చూడ్డానికి వచ్చేవాళ్ల కార్లు రోజూ కనిపిస్తూనే ఉంటాయి. కానీ పోయిన దసరాకి వచ్చిన కారు వేరు. అది ఊరివాడి కారు. నాతో కలిసి చదువుకుని, రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్న మావాడు నల్లటి జర్మన్ సెడాన్ వేసుకుని దిగాడు. 2014 మోడల్. కొత్తలో యాభై లక్షల పైమాట. మావాడు కొన్నది తొమ్మిదిన్నర లక్షలకు.

ఆ రోజు ఊళ్లో ఎవరికీ వేరే పని లేదు. పిల్లలు అద్దాల్లో మొహాలు చూసుకున్నారు. పెద్దవాళ్లు సీటు మీద కూర్చుని లేచారు. సమాధి దగ్గర కారు పక్కన నిలబడి మావాడు ఫొటోలు తీయించుకున్నాడు, నేనే తీశాను. ‘కొత్త క్రెటా కంటే చవక్కి వచ్చింది రా’ అన్నాడు. నిజమే కదా అనిపించింది. ఇంజినీరింగ్ చదివి, టెక్ బ్లాగ్ రాసుకునే నాకు కూడా ఆ క్షణంలో ఇంకో ప్రశ్న తట్టలేదు. ఇది ముందే ఒప్పుకుంటున్నాను.

సంక్రాంతికి మళ్లీ వచ్చాడు. భోగి నాడు పొద్దున్నే చూస్తే కారు ముందు ఎడమ వైపు నేలకు కూలబడి ఉంది. చెరువులో పడుకోబోయే గేదె ముందు మోకాళ్లు వంచినట్టు. టైరు బాగానే ఉంది. సెల్ఫ్ కొడితే డాష్‌బోర్డు మీద సస్పెన్షన్ వార్నింగ్ వచ్చింది, కారు పైకి లేవలేదు. తర్వాత తెలిసింది ఏమిటంటే, హైదరాబాద్‌లో నెల రోజులుగా పార్కింగ్‌లో అది ఒక మూల కొద్దిగా దిగుతూనే ఉంది. నేల ఏటవాలుగా ఉందేమో అనుకున్నాడు మావాడు.

ఇది ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారు. మామూలు కార్లలో ఇనుప స్ప్రింగు చేసే పని ఇందులో గాలి నింపిన రబ్బరు సంచి చేస్తుంది. రబ్బరుకు వయసొస్తే సన్నగా పగుళ్లు వస్తాయి. గాలి కొద్దికొద్దిగా పోతుంది. పోయిన గాలిని నింపడానికి కంప్రెసర్ మాటిమాటికీ తిరుగుతుంది. కొన్ని నిమిషాలు పనిచేసి ఆగాల్సిన మోటారు అదే పనిగా తిరిగి చివరికి కాలిపోతుంది. అంటే చిన్న లీకు ఒక భాగాన్ని, ఆ భాగం ఇంకో పెద్ద భాగాన్ని తినేస్తుంది.

నర్సీపట్నం నుంచి మాకు తెలిసిన మెకానిక్‌ని పిలిపించాం. ముప్పై ఏళ్ల చెయ్యి. లారీ ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పగలడు. కింద దూరి చూసి, లేచి చేతులు తుడుచుకున్నాడు. ‘ఇప్పడం ఇప్పేస్తాను బాబూ, మళ్లీ ఎట్టలేను. దీనికి కంప్యూటర్ కావాల’ అన్నాడు. డబ్బులు కూడా తీసుకోలేదు. ఇక ఫ్లాట్‌బెడ్ బండి మాట్లాడి, వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం విశాఖపట్నం పంపించాం. పండగ రోజులు కదా, ఆ బండికే 11 వేలు. నాలుగు రోజులకు బిల్లు వచ్చింది. ముందు స్ట్రట్‌లు రెండు 1,90,000. కంప్రెసర్ 72,000. వాల్వ్ బ్లాకు, చిల్లర సామాన్లు 18,000. లేబర్ 26,000. అన్నీ కలిపి, టోయింగుతో సహా 3,17,000. కారు కొన్న ధరలో మూడో వంతు. కొన్నాక నాలుగు నెలలు కూడా కాలేదు.

ఆ డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్తే మావాడికి ఇష్టం ఉండదు గానీ, చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. వాళ్ల నాన్నగారు జీడితోట రైతు. కారు కొన్నప్పుడే జీడిపిక్కలు అమ్మిన డబ్బులో లక్షన్నర ఇచ్చారు. కొడుకు ముచ్చట కాదనలేక. రిపేరు బిల్లుకు మళ్లీ ఆయనే రెండు లక్షలు అప్పు తెచ్చారు. సర్వీస్ సెంటర్ వాళ్లు తప్పు లెక్క వేశారని నేను అనను. ఆ కారుకు ఆ సామాన్ల ధర అదే. తప్పు మేం చూసిన ధరలో ఉంది.

తొమ్మిదిన్నర లక్షలను మేం డిస్కౌంట్ అనుకున్నాం. కాదు. పదేళ్లలో కారు ధర ఐదో వంతుకు పడిపోయింది. స్ట్రట్ ధర మాత్రం పడలేదు, హెడ్‌లైట్ ధర పడలేదు, గేర్‌బాక్స్ ధర పడలేదు. అవన్నీ ఇప్పటికీ యాభై లక్షల కారు సామాన్లే. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు కదా, ఇక్కడ ఏనుగు చవకైంది గానీ దాని మేత చవకవలేదు. ముందున్న ఓనర్ ఆ కారును ఎందుకు వదిలించుకున్నాడు? చాలాసార్లు సమాధానం ఒక్కటే. వారంటీ అయిపోయింది, పెద్ద బిల్లులు వచ్చే వయసు వచ్చింది. తగ్గిన ధర అంటే, మీ మీదకు రాబోయే బిల్లులకు ముందుగానే తీసేసిన సొమ్ము. ఆ సొమ్మును పక్కన పెట్టకుండా, ‘లాభం వచ్చింది’ అని ఖర్చు పెట్టేస్తే మావాడి పరిస్థితే.

నమ్మకం కుదరకపోతే ఇన్నోవా చూడండి. పదేళ్ల ఇన్నోవా అడగండి మీ ఊళ్లో, ధర విని మీరే వెనక్కి తగ్గుతారు. అదే వయసున్న, కొత్తలో దానికి మూడింతలు ఖరీదు చేసిన కారు ఇప్పుడు దాని ధరకే దొరుకుతుంటే, సెకండ్ హ్యాండ్ మార్కెట్టు మీకు ఏదో చెప్తోందన్నమాట. ఆ మార్కెట్లో బ్రోకర్లు అబద్ధం చెప్పొచ్చు గానీ ధర చెప్పదు.

సామాన్లు అంత ఖరీదు ఎందుకు? ఒకటి, అమ్ముడయ్యే సంఖ్య తక్కువ. లక్షల్లో తిరిగే మారుతి కారు హెడ్‌లైట్‌కు బయట నాలుగు కంపెనీలు డూప్లికేట్లు తయారుచేస్తాయి, వేలల్లో ఉన్న కారుకు ఎవరు చేస్తారు? రెండు, చాలా భాగాలు విదేశాల నుంచి రావాలి. సుంకం, రవాణా, ఆ పైన జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో విడిభాగాలన్నిటికీ 18 శాతం జీఎస్టీ చేశారు, అంతకుముందు చాలావాటికి 28 ఉండేది. కొంత నయమే. కానీ రెండు లక్షల సామానుకు ఆ తేడా ఓదార్పు మాత్రమే. మూడోది నన్ను ఇంజినీర్‌గా బాధపెట్టేది. వీటిలో భాగాన్ని బాగుచేయడం ఉండదు, మార్చడమే. మ్యాట్రిక్స్ ఎల్‌ఈడీ హెడ్‌లైట్‌లో ఒక చిన్న సర్క్యూట్ పోతే మొత్తం యూనిట్ మార్చాలంటారు, లక్ష దాటడం మామూలే. సీలు వేసిన డబ్బాలాగా తయారుచేస్తారు, విప్పడానికి వీలుండదు.

ఇక లేబర్. చేరడానికి ఎంత కష్టమైతే అంత బిల్లు. బీఎండబ్ల్యూ ఎన్47 అనే డీజిల్ ఇంజిన్‌లో టైమింగ్ చైన్ ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. ఆ చైన్ తొందరగా అరిగిపోతోందని చాలా దేశాల్లో ఫిర్యాదులు వచ్చాయి. చైన్ ధర ఎంతైనా కానివ్వండి, దాన్ని అందుకోవాలంటే ఇంజినో గేర్‌బాక్సో కిందకు దించాలి. ఇలాంటివి కొనేముందు గూగుల్‌లో ఆ ఇంజిన్ పేరు కొట్టి చూస్తే ఐదు నిమిషాల్లో దొరుకుతాయి. మనం వెతికేది మాత్రం సౌండ్ టెస్ట్ వీడియోలు.

ఇక్కడ మనం అడగాల్సిన ఇంకో సంగతి ఉంది. మా నర్సీపట్నం మెకానిక్ ‘కంప్యూటర్ కావాల’ అన్నాడు చూశారా, ఆ కంప్యూటర్ ఆయనకు ఎందుకు దొరకదు? 2011లో ఒక కారు కొనుగోలుదారు పెట్టిన ఫిర్యాదుతో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా దీని మీద విచారణ చేసింది. అసలు విడిభాగాలు, జబ్బు కనిపెట్టే పరికరాలు, రిపేరు మాన్యువల్స్ బయటి మెకానిక్‌లకు దొరక్కుండా కంపెనీలు కట్టడి చేస్తున్నాయని తేల్చి, 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అందులో మారుతి, టాటా, మహీంద్రా దగ్గర్నుంచి బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ దాకా ఉన్నాయి. తర్వాత సంగతి అప్పీళ్లు, కోర్టులు. 2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది, ఆటోమొబైల్ కూడా అందులో ఉంది. మంచిదే. కానీ పోర్టల్‌లో సమాచారం పెట్టడం వేరు, పల్లెటూరి షెడ్డులో ఆ పరికరం పలకడం వేరు. చిన్న కార్లకు బయట ఎలాగోలా పని జరిగిపోతుంది. లగ్జరీ కారుకు మాత్రం ఈ తలుపు ఇప్పటికీ చాలావరకు మూసే ఉంది, ఆ తాళం ఖర్చు మీ బిల్లులో పడుతుంది.

‘అన్నా, అన్ని లగ్జరీ కార్లూ ఒకటేనా? లెక్సస్ పాడవదంటారు కదా’ అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. టయోటా 1989లో అమెరికాలో లెక్సస్ బ్రాండ్‌ని తెచ్చినప్పుడే, ఖరీదైన కారు పాడవకుండా కూడా ఉండొచ్చని చూపించింది. మన దేశానికి 2017లో వచ్చింది. జేడీ పవర్ సంస్థ అమెరికాలో ఏటా చేసే మన్నిక సర్వేలో 2023, 2024, 2025, మూడేళ్లూ లెక్సస్సే మొదటి స్థానం. కాబట్టి ఖరీదైనవన్నీ పాడవుతాయి అనడం తప్పు.

కానీ ఆ సర్వే ఏం కొలుస్తుందో కూడా తెలుసుకోండి. అది మూడేళ్ల వయసున్న కార్ల గురించి. మీరు కొనబోయేది పదేళ్లది. పైగా వంద కార్లకు ఎన్ని సమస్యలు అని లెక్కేస్తారు, అందులో ఫోన్ స్క్రీన్‌కు కనెక్ట్ అవ్వకపోవడం కూడా ఒక సమస్యే. గేర్‌బాక్స్ పోవడమూ ఒక సమస్యే. మన జేబుకు ఆ రెండూ ఒకటేనా? ‘ఎన్నిసార్లు పాడవుతుంది’, ‘పాడైతే ఎంత’ అనేవి వేరు వేరు ప్రశ్నలు. మావాడి కారు నాలుగు నెలల్లో పాడైంది ఒక్కసారే. లెక్కల్లో చూస్తే అది నమ్మకమైన కారు కిందే వస్తుంది!

నిజానికి పదేళ్ల వయసులో చాలా లగ్జరీ కార్ల ఇంజిన్ దిట్టంగానే ఉంటుంది. ముందు పోయేవి రబ్బరు, ప్లాస్టిక్. కూలెంట్ పైపులు, ఆయిల్ సీళ్లు, గాస్కెట్లు, మౌంటులు. టర్బో పక్కనే ఉండి ఏళ్ల తరబడి వేడిలో ఉడికిన ప్లాస్టిక్ ఒక రోజు చేత్తో పట్టుకుంటే బిస్కెట్‌లా విరుగుతుంది. మన ఎండలు దానికి తోడు. ఓడోమీటర్ మీద నలభై వేల కిలోమీటర్లే ఉన్నాయని సంబరపడకండి. రబ్బరు కిలోమీటర్లు చూడదు, ఏళ్లు చూస్తుంది.

ఇక మనలాంటి ఊళ్ల సంగతి. ఈ పేజీ చదివేవాళ్లలో చాలామంది నర్సీపట్నం, పాడేరు, టెక్కలి, పాలకొండ లాంటి చోట్ల నుంచే అని నాకు తెలుసు. హైదరాబాద్‌లో ఈ కార్లను బాగుచేసే బయటి గ్యారేజీలు ఉన్నాయి, కంపెనీ బిల్లులో సగానికి పనిచేసేవాళ్లూ ఉన్నారు. మనకు ముందు దూరం ఖర్చు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందంటారు, చాలా పాలసీల్లో ఉచిత టోయింగుకు కిలోమీటర్ల పరిమితి ఉంటుంది, అది చదవండి. చాలా లగ్జరీ కార్లకు స్టెప్నీ ఉండదు. రన్‌ఫ్లాట్ టైర్లు ఇస్తారు, పంక్చర్ అయినా మామూలుగా 80 కిలోమీటర్ల వేగం దాటకుండా 80 కిలోమీటర్ల దూరం వెళ్లొచ్చని చెప్తారు. లంబసింగి చలి చూసి దిగేటప్పుడు ఘాట్‌లో రాయి తగిలి టైరు పక్క గోడ చీలిందనుకోండి. ఆ సైజు టైరు దొరికే షాపు ఎక్కడుందో కొనకముందే తెలుసుకోవాలి.

డీజిల్ అయితే ఇంకో చిక్కు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లలో పొగ మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి, ఒకే వేగంతో కొంతసేపు నడవాలి. సంతకు, బ్యాంకుకు, గుడికి రెండేసి కిలోమీటర్లు తిరిగితే ఫిల్టర్ మూసుకుపోతుంది. కొన్నిట్లో యాడ్‌బ్లూ అనే ద్రవం కూడా పోయాలి. అది పూర్తిగా అయిపోతే ఒకసారి ఆపిన ఇంజిన్ మళ్లీ స్టార్ట్ అవ్వదు. లారీల పుణ్యమా అని యాడ్‌బ్లూ ఇప్పుడు హైవే బంకుల్లో దొరుకుతోంది లెండి. పెట్రోల్ కారైతే ట్యాంకు మూత లోపల ఏం రాసుందో చూడండి. ఈ10 అని ఉంటే, ఇప్పుడు బంకుల్లో పోస్తున్న ఈ20 కోసం ఆ కారును తయారుచేయలేదని అర్థం.

‘ఇన్సూరెన్స్ ఉంది కదా’ అనేది అందరూ చెప్పే ధైర్యం. మావాడూ అదే అన్నాడు. మోటార్ పాలసీ యాక్సిడెంట్‌కు, దొంగతనానికి, వరదకు. అరిగిపోయి, కాలిపోయి ఆగిన భాగానికి కాదు. మెకానికల్ బ్రేక్‌డౌన్‌ని పాలసీలోనే స్పష్టంగా మినహాయిస్తారు. నిండిన కాల్వలో కారు దింపి, ఇంజిన్‌లోకి నీళ్లు పోయి పట్టేసినా, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేకపోతే రూపాయి రాదు. పోనీ యాక్సిడెంటే అయిందనుకోండి. కారు వయసు ఐదేళ్లు దాటి పదేళ్ల లోపు ఉంటే ఇనుప భాగాల ధరలో 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం తరుగుదల కింద కోసేస్తారు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి వయసుతో పని లేదు, సగం కోత. అద్దాలకు మాత్రం కోత లేదు. లక్షన్నర విలువైన ప్లాస్టిక్ హెడ్‌లైట్ పగిలితే 75 వేలు మీవే. ఆ పైన 1500 సీసీ దాటిన కారుకు తప్పనిసరిగా మీరు భరించే 2,000 వేరే. ఈ కోత లేకుండా చేసే జీరో డిప్రిసియేషన్ కవర్ ఉంటుంది కదా అంటారా? అది పాత కారుకు దొరకడమే కష్టం, చాలా కంపెనీలు ఐదేళ్ల దగ్గరే ఆపేస్తాయి.

‘దిల్లీ బండి’ గురించి ఒక మాట. రీల్స్‌లో కనిపించే మరీ చవక కార్లలో చాలా అక్కడివే. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద అక్కడ ఆంక్షలు పెట్టారు కాబట్టి, ఆ వయసు దగ్గర పడగానే అమ్మేసేవాళ్లు ఎక్కువ. దాన్ని ఇక్కడికి తెస్తే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ తేవాలి, 12 నెలల లోపు ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, జీవిత పన్ను కట్టాలి. ఆ పన్ను మీరు ఎంతకు కొన్నారన్నదాని మీద కాదు, కారు అసలు ధర, వయసు బట్టి. చూశారా, ఇక్కడ కూడా యాభై లక్షలే లెక్కలోకి వచ్చింది.

ఇప్పుడు మీ జీతం దగ్గరకు వద్దాం. మొదటి ఉద్యోగం, మూడున్నర లక్షల ప్యాకేజీ అనుకుంటే చేతికి నెలకు పాతిక వేలు అటూ ఇటూ. పాత కారు కోసం 6 లక్షల లోన్, 14 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే నెలకు దాదాపు 13,960 కిస్తీ. ఐదేళ్లలో కట్టేది 8 లక్షల 37 వేల పైమాట. ఇందులో ఇంజిన్ ఆయిల్ లేదు, టైర్లు లేవు, ఇన్సూరెన్స్ లేదు. 1500 సీసీ దాటిన కారుకు ఒక్క థర్డ్ పార్టీ ప్రీమియమే ఏడాదికి 7,897, ఆ పైన జీఎస్టీ. ఈ కిస్తీతో హైదరాబాద్‌లో పీజీ అద్దె కట్టి ఏం తింటారు? అప్పుడు ఒక స్ట్రట్ పోతే? క్రెడిట్ కార్డు. కార్డు కట్టకపోతే సిబిల్ స్కోర్. రేపు నిజంగా అవసరం పడి, చెల్లి చదువుకో ఇంటికో లోన్ కావాల్సినప్పుడు బ్యాంకు ఆ స్కోర్ చూస్తుంది. ఇంకా ఆఫర్ లెటర్ రాని వాళ్లు కూడా ఈ కార్ల బేరాలు చూస్తున్నారని నాకు మెసేజీలు వస్తుంటాయి, అందుకే ఇంత వివరంగా చెప్తున్నాను.

నేను లగ్జరీ కార్ల మీద పగబట్టినవాణ్ని కాదు. మావాడి కారులో కూర్చుని నర్సీపట్నం వెళ్లినప్పుడు, ఆ గతుకుల రోడ్డు మీద కప్పులో టీ తొణకలేదు. ఆ బ్రేకులు, ఆ బాడీ దిట్టం, అవి ఉత్త గొప్పలు కావు. ఇంట్లో రోజూ తిరగడానికి ఇంకో బండి ఉండి, కారు ధరలో కనీసం మూడో వంతు బ్యాంకులో కదపకుండా ఉంచుకోగలిగి, పది రోజులు కారు షెడ్డులో ఉన్నా పని ఆగనివాళ్లు హాయిగా కొనుక్కోవచ్చు. వాళ్లకు అది బేరమే. ఒక్క బండితోనే బతుకు నడిపేవాళ్లకు కాదు.

ఈ పేజీ ఉద్యోగాల పేజీ కాబట్టి ఆ బిల్లును ఇంకోసారి చూడమంటాను. లేబర్ 26,000. మావాడి కారును విశాఖలో చూసిన టెక్నీషియన్‌కు నా వయసే ఉంటుంది. డాష్‌బోర్డు కింద ఉన్న ఓబీడీ పోర్టుకు ల్యాప్‌టాప్ పెట్టి, ఫాల్ట్ కోడ్‌లు చదివి, కంప్రెసర్ ఎంతసేపు తిరిగిందో చూసి, లీకు ఎక్కడుందో పావుగంటలో చెప్పాడు. ఇప్పటి కారులో డజన్ల కొద్దీ చిన్న కంప్యూటర్లు క్యాన్ అనే లైన్ మీద మాట్లాడుకుంటాయి. బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన పద్ధతి అది. ఈసీఈ వాళ్లు సిలబస్‌లో చదివి వదిలేసేది ఇదే. మెకానికల్ వాళ్లు మల్టీమీటర్ పట్టుకోవడం, వైరింగ్ డయాగ్రమ్ చదవడం నేర్చుకుంటే, ఈసీఈ వాళ్లు స్పానర్‌కు భయపడకపోతే, ఇద్దరికీ ఇక్కడ పని ఉంది. మెర్సిడెస్ బెంజ్ కొన్ని కాలేజీలతో కలిసి ఆటోమోటివ్ మెకట్రానిక్స్‌లో అడ్వాన్స్‌డ్ డిప్లొమా నడుపుతోంది, పుణె ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మొదలైన కోర్సు అది. బీఎండబ్ల్యూ 2018లో స్కిల్ నెక్స్ట్ పేరుతో ఇంజినీరింగ్ కాలేజీలకు ఇంజిన్లు, గేర్‌బాక్స్‌లు ఇచ్చింది, మీ కాలేజీలోనో పక్క కాలేజీలోనో ఒకటి ఉందేమో అడిగి చూడండి, దుమ్ము పట్టి ఉంటే దులిపించండి. కోడింగ్ వైపు ఉన్నవాళ్లకు హైదరాబాద్‌లో జడ్‌ఎఫ్, హ్యుందాయ్ మోబిస్, బెంగళూరులో మెర్సిడెస్ పరిశోధన కేంద్రం ఉన్నాయి. కారు బిల్లు కట్టే వైపు కాకుండా, బిల్లు వేసే వైపు ఉండే దారులివి. మొదట్లో జీతం గొప్పగా ఉండదు, అది దాచను.

అయినా కొంటానంటారా, సరే. అయితే అమ్మేవాళ్లతో బేరం మొదలుపెట్టకముందు ఛాసిస్ నంబర్ అడగండి. దాంతో దగ్గర్లోని సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి మూడు ధరలు కనుక్కోండి: ముందు రెండు స్ట్రట్‌లు లేదా షాకులు, ఒక హెడ్‌లైట్, గేర్‌బాక్స్ ఆయిల్ సర్వీస్. సర్వీస్ హిస్టరీ ఓనర్ చేతే తెప్పించండి, ఇవ్వడానికి నీళ్లు నమిలితే అక్కడితో ఆపేయండి. ఆ బ్రాండ్ సొంత సాఫ్ట్‌వేర్‌తో స్కాన్ చేయించండి. చాలా కార్లలో కిలోమీటర్ల లెక్క డాష్‌బోర్డులోనే కాదు, వేరే మాడ్యూల్స్‌లో కూడా నిలవ ఉంటుంది, వెనక్కి తిప్పి ఉంటే అక్కడ దొరికిపోతారు. రాత్రంతా నిలిపి ఉంచిన కారును పొద్దున్నే, సెల్ఫ్ కొట్టకముందు చూడండి. నాలుగు మూలలూ ఒకే ఎత్తులో ఉన్నాయా లేదా అనేది కంటికే తెలుస్తుంది. మేం చూడనిది అదే.

మావాడి కారు ఇప్పుడు బాగానే నడుస్తోంది. పోయిన నెల అమ్మకానికి పెట్టాడు. మొదట ఫోన్ చేసింది కాకినాడ నుంచి ఎవరో ఫైనలియర్ కుర్రాడట. ‘అన్నా, మైలేజీ ఎంతిస్తుంది? సన్‌రూఫ్ పనిచేస్తుందా?’ అని రెండే ప్రశ్నలు అడిగాడట. మావాడు సమాధానం చెప్పి, అడక్కుండానే సంక్రాంతి బిల్లు ఫొటో తీసి వాట్సాప్ చేశాడు. రెండు నీలం టిక్కులు పడ్డాయి. మళ్లీ ఫోన్ రాలేదు.